ఓడ వాళ్ళ టూరు కొంటే జనం తగలరా?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ ఏడాది నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. మెడిటరేనియన్ క్రూయిజ్‌కి వెళ్ళేవాళ్ళకి సలహాలు. ఎవరు రాశారో తెలీదు గానీ ఊరంతా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రేవుల్లో దిగి ఊళ్ళు చూడ్డానికి ఓడ వాళ్ళు అమ్మే టూర్లే కొనాలి, బయట కొంటే ఓడ మిమ్మల్ని వదిలేసి పోతుంది. ఓడ టూరుకి క్యూలుండవు, జనం తగలరు. పొద్దున్నే అందరికంటే ముందు దిగితే చాలు. ఓడ రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లలోనే ఆగుతుంది కాబట్టి ఒక్కో రోజులో ఒక్కో ఊరు మొత్తం చూసెయ్యొచ్చు. వెళ్తే జులై, ఆగస్టుల్లోనే వెళ్ళాలి, ఆ తర్వాత అక్కడ చూడ్డానికేమీ ఉండదు.

ఈసారి పెట్టింది మా బాబాయి. కింద "ఒరే, మేమూ ఇలాగే వెళ్దామనుకుంటున్నాం, ఏమంటావు?" అని నా పేరు తగిలించారు. నేను ఒకసారి జులైలో, ఒకసారి అక్టోబరులో ఆ సముద్రం తిరిగొచ్చినవాణ్ణి. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. అందుకని గ్రూపులో అందరి ముందూ కాస్త పొడుగ్గానే జవాబు రాయాల్సొచ్చింది. అదే ఇక్కడ కొంచెం సవరించి పెడుతున్నాను.

"ఓడ వదిలేసి పోతుంది" అన్న మాటలో సగం నిజం ఉంది. ఆ సగం వల్లే మిగతా మెసేజంతా జనం నమ్మేస్తున్నారు. ఓడ వాళ్ళ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది, ఆగడం కుదరకపోతే మనల్ని తర్వాతి రేవుకి చేర్చే పూచీ వాళ్ళది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే రేవు గట్టు మీద నిలబడి ఓడకి చెయ్యి ఊపడమే. తర్వాతి రేవుకి మన డబ్బుతో మనమే చేరుకోవాలి. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ ఈ భయం అన్ని రేవుల్లోనూ ఒకేలా ఉండదు. నేపుల్స్‌లో ఓడ ఊరి నడిబొడ్డున ఆగుతుంది, గేటు దాటితే ఎదురుగా కోట. మాల్టాలో వాలెట్టా ఊరి గోడల కిందే ఆగుతుంది, లిఫ్టెక్కితే నేరుగా బరక్కా తోటలో తేలతాం. క్రొయేషియాలోని డుబ్రోవ్‌నిక్‌లో గ్రూజ్ రేవు నుంచి పాత ఊరు మూడు కిలోమీటర్లు, సిటీ బస్సు ఉంది. ఇలాంటి చోట ఓడ పోతుందేమోనని బస్సు టూరు కొనడం, వీధి చివర గుడికి కారు మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

రోమ్ సంగతి వేరు, ఓడ ఆగే రేవు నుంచి ఊరు చాలా దూరం, రైలో బస్సో ఎక్కాలి. అక్కడ భయం న్యాయమైనదే. ఇటలీలో రైళ్ళ సమ్మెలు మామూలు. ముందే ప్రకటిస్తారు, పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9 వరకూ, సాయంత్రం 6 నుంచి 9 వరకూ లోకల్ రైళ్ళు గ్యారంటీగా నడుపుతారు కూడా. కానీ మన ఓడ ఏడింటికి బయల్దేరేదైతే ఆ సాయంత్రం గ్యారంటీ మనకెందుకు? సమ్మె తేదీలు చూసుకోకుండా రైలు నమ్ముకోవద్దు. ఇక్కడ మెసేజ్ చెప్పని మధ్యేమార్గం ఒకటుంది. చాలా ఓడల వాళ్ళు ఉత్త బస్సు టికెట్ కూడా అమ్ముతారు. రోమ్‌లో దింపి, సాయంత్రం అక్కడే ఎక్కించుకుంటారు. గైడు ఉండడు, జెండా ఉండదు, ఆలస్యమైతే పూచీ మాత్రం ఓడదే. టూర్ల జాబితాలో ఎక్కడో కింద పడి ఉంటుంది, వెతుక్కోవాలి.

ఇక క్యూలుండవు, జనం తగలరు అన్నది. ఇది చదివినప్పుడు నిజంగా నవ్వొచ్చింది. ఆ ఓడల్లో పెద్దవి ఆరు వేల మందికి పైగా మోస్తాయి. అలాంటివి ఒకే పొద్దున ఒకే రేవుకి రెండు మూడు వస్తే, ఒక్కో బస్సుకి నలభై యాభై మంది చొప్పున బస్సుల వరస కడితే, రద్దీ అంటే మనమే గదా! జులైలో నేను కొన్న రోమ్ టూరులో పొద్దున ఓడలోని థియేటర్‌లో కూర్చోబెట్టారు. చొక్కాకి నంబరు స్టిక్కర్ అంటించారు. మా నంబరు పిలిచేసరికి ముప్పావు గంట. బస్సులో గంటన్నర. కొలోసియం దగ్గర దింపి ఫోటోలు తీసుకోమన్నారు. లోపలికి ఎప్పుడని అడిగితే, ఈ టూరులో లోపలికి లేదన్నారు. తప్పు నాదే. కాగితంలో "చూస్తాం" అని ఉంది, "ప్రవేశం" అని లేదు. ఓడ టూరు కొంటే ఈ రెండు మాటల తేడా గమనించండి, చిన్న తేడా కాదది.

క్యూ తప్పించే టికెట్ గురించి మన తెలుగువాళ్ళకి ఒక్క మాటలో చెప్పొచ్చు: తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్. టైము మనదే, అయినా కంపార్ట్‌మెంటు తప్పదు. అక్కడా అంతే. టికెట్ కొనే క్యూ తప్పుతుంది, సామాన్ల తనిఖీ క్యూ అందరికీ ఒకటే. పైగా ఇప్పుడు పెద్ద చోట్లన్నీ టైము స్లాట్లలోకి వెళ్ళిపోయాయి. ఏథెన్స్ కొండ మీది పాత గుళ్ళ చోటు అక్రోపొలిస్‌లో 2023 సెప్టెంబరు నుంచి రోజుకి 20,000 మందే, గంటల వారీ టికెట్లు. నేపుల్స్ దగ్గర అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత ఊరు పాంపేయిలో 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందే, టికెట్ మీద మన పేరు ఉండాలి. కొలోసియం టికెట్ మీదా పేరుండాల్సిందే. ఆ స్లాటు మన ఫోన్లో మనమే కొనుక్కోవచ్చు. వెనిస్‌లో అయితే 2024 నుంచి గైడు వెంట 25 మందికి మించి నడవకూడదు, మైకులు నిషేధం. యాభై మంది బస్సు దిగి అక్కడ రెండుగా చీలాల్సిందే.

గ్రీసు దీవి శాంటోరిని దగ్గర కాస్త ఆగాలి. ఫోటోలు చూసి అందరూ వెళ్ళేది అక్కడికే, ఏడ్చి వచ్చేదీ అక్కడి నుంచే. ఆ దీవికి పెద్ద ఓడలు ఆనుకునే రేవు లేదు. అగ్నిపర్వతం పేలి కూలిన గుంటలో ఓడ నీళ్ళ మీదే నిలుస్తుంది, చిన్న పడవల్లో కొండ కింద పాత రేవుకి దింపుతారు. అక్కడి నుంచి పైన ఫిరా ఊరికి మూడు దారులు: కేబుల్ కారు, దాదాపు ఆరొందల మెట్లు, గాడిదలు. మెట్లూ గాడిదలూ ఒకే దారి. ఆ దారి వాసన గురించి నేను చెప్పను. కేబుల్ కారు గంటకి ఒకవైపు సుమారు 1,200 మందిని మోస్తుంది. 2025 నుంచి దీవికి రోజుకి 8,000 మంది ఓడ ప్రయాణికులు మించకూడదని హద్దు పెట్టారు. ఆ హద్దు దగ్గరే లెక్కేసినా అందరూ కేబుల్ కారే ఎక్కితే పైకి చేరడానికి ఆరు గంటలు దాటుతుంది. హద్దు పెట్టినా పొద్దున ఎనిమిదికి అందరూ ఒకేసారి దిగితే అది తిరునాళ్ళే.

ఇక్కడ ఓడ టూరుకి నిజమైన లాభం ఒకటుంది, కాదనను. టూరు వాళ్ళని పడవల్లో ముందు దింపుతారు. చాలాసార్లు అటు అథీనియోస్ రేవుకి తీసికెళ్ళి బస్సులో కొండెక్కిస్తారు. కేబుల్ కారు గొడవ లేదు. కానీ చాలా టూర్లు చివర్లో ఫిరాలో వదిలేసి, కిందికి మీరే రండి అంటాయి. అప్పుడు దిగే క్యూలో టూరు వాళ్ళూ, సొంతంగా వచ్చినవాళ్ళూ, నాలుగు ఓడల వాళ్ళూ ఒకటే. ఆఖరి పడవకి రెండు గంటల ముందు ఆ క్యూ వీధి మలుపు తిరిగి ఉంటుంది. జులైలో నేను నిలబడ్డాను, నెత్తి మీద ఎండ, చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. అక్టోబరులో మధ్యాహ్నం భోజనాల వేళకే దిగొచ్చి ఓడలో కూర్చుని కాఫీ తాగుతూ అదే కొండని చూశాను. పిన్నికి చెప్పిందదే: సూర్యాస్తమయం పైనుంచి కాదు, ఓడ డెక్ మీద నుంచి చూడు. కుర్చీ ఉంటుంది.

పొద్దున్నే ముందు దిగితే చాలన్నది లెక్క తప్పింది. ఆ మెసేజ్ అందరికీ వచ్చింది కదా, అందరూ ముందే దిగుతారు. సరే, ఏడింటికి దిగాం అనుకుందాం. కొలోసియం తలుపులు ఎనిమిదిన్నరకి తీస్తారు, మనం రేవు నుంచి చేరేసరికి తొమ్మిదిన్నర. రోమ్ హోటళ్ళలో నిద్ర లేచినవాళ్ళు అప్పటికే లోపల ఉంటారు. ముందు వెళ్ళడం అనేది ఓడ ప్రయాణికుడి చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది తిరగేసుకోవడం. ఆ వేళ వీధులూ చర్చిలూ చూసి, పెద్ద స్థలం టికెట్ మధ్యాహ్నానికి కొనుక్కోవచ్చు. బస్సులన్నీ రెండు మూడింటికి తిరుగుముఖం పడతాయి. ఏథెన్స్ మాత్రం మినహాయింపు. పిరేయస్ రేవు నుంచి మెట్రో ఉంది కాబట్టి ఎనిమిది గంటల స్లాటు అందుతుంది, అందుకోవాలి కూడా. 2023 నుంచి వడగాలుల రోజుల్లో అక్రోపొలిస్‌ని మధ్యాహ్నం మూసేస్తున్నారు. "రాజమండ్రి వాళ్ళం, మనకి ఎండ కొత్తా?" అన్నారు బాబాయి. రాజమండ్రిలో మే నెల పన్నెండింటికి మనం ఏం చేస్తాం బాబాయ్? తలుపులేసుకుని పడుకుంటాం. రాతి గుట్ట మీద నీడ లేకుండా గంటన్నర నిలబడం.

ఓడ రోమ్‌లో ఆగుతుందట. ఏలూరులో దింపి విజయవాడ వచ్చేసింది అంటే ఊరుకుంటామా? ఓడ ఆగేది చివితావెక్కియాలో, రోమ్ అక్కడికి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అని రాసి ఉన్నచోట ఆగేది లివోర్నోలో, రైలైనా బస్సైనా గంటన్నర దగ్గరే. వెనిస్ ఇంకా ఘోరం. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని ఊరి ముందు కాలువలోకి రానివ్వడం లేదు. చాలా ఓడలు రవెన్నాకో, త్రియెస్తేకో పోతున్నాయి. రవెన్నా నుంచి వెనిస్‌కి బస్సులో రెండు గంటల పైనే. రానూపోనూ ఓ పూట బస్సుకే అర్పణం. అంత దూరం పోయి ఊరంతా చూస్తాననడం కంటే రవెన్నాలోనే ఆగి పదిహేను వందల ఏళ్ళ నాటి మొజాయిక్ గోడలు చూడ్డం మేలని నా అభిప్రాయం. చివితావెక్కియా నుంచి రైల్లో పావుగంట పోతే తార్క్వినియా, రోమన్లకి ముందటి ఎత్రుస్కన్లు రంగులేసుకున్న సమాధులు. నేను అక్టోబరులో వెళ్ళినప్పుడు ఒక్కో సమాధి మెట్ల దగ్గర నేనూ, ఇంకో ముసలి జంటా.

ఎవరూ చెప్పని మాట ఒకటి ఈ మెసేజ్‌లోనూ లేదు: ఓడ రేవుకి వచ్చేది సోమవారమా, మంగళవారమా అన్నది. వారం రోజుల క్రూయిజ్‌లో ఓడ ఒక్కో రేవుకి ప్రతిసారీ అదే వారాన వస్తుంది. లివోర్నోకి సోమవారం వచ్చే ఓడ ఎక్కితే ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం ఆ సీజనంతా మనకి మూతే, సోమవారం దానికి సెలవు. వాటికన్ మ్యూజియం నెలలో ఆఖరి ఆదివారం తప్ప ఆదివారాలు తియ్యరు. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి మధ్యాహ్నం దాకా మూసి ఉంటుంది. నేపుల్స్ మ్యూజియానికి మంగళవారం సెలవు. నెల మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, అంటే ఆ రోజు అటువైపు చూడకూడదు. ఓడ టికెట్ కొన్న రోజే ఇవన్నీ ఖాయమైపోతాయి, టూర్లు తర్వాతి మాట. అలాగే ఫలానా తేదీన ఫలానా రేవులో ఎన్ని ఓడలుంటాయో ఆ రేవుల వాళ్ళే ముందుగా పట్టిక పెడతారు. డుబ్రోవ్‌నిక్ అయితే ఒక్కసారికి రెండు ఓడలకి మించకుండా 2019 నుంచి క్రూయిజ్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. మిగతా చోట్ల ఆ పట్టిక చూసి, ఓడలు తక్కువున్న తేదీ ఎంచుకోవడం మన పని.

జులై, ఆగస్టులే సీజన్ అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. యూరప్ బళ్ళన్నిటికీ సెలవులు అప్పుడే, ఆగస్టు 15 చుట్టూ ఇటలీ మొత్తం సముద్రపు ఒడ్డునే ఉంటుంది. గ్రీసు పక్క ఏజియన్ సముద్రంలో మెల్తేమి అనే ఉత్తరపు గాలి గట్టిగా కొట్టేదీ అప్పుడే, ఆ గాలికి అక్కడి మీకొనోస్ దీవిలో ఆగకుండా ఓడ వెళ్ళిపోవడం మామూలే. శాంటోరిని, మీకొనోస్‌లలో ఓడ ప్రయాణికుడికి వేసే పన్ను 2025 జులై నుంచి జూన్-సెప్టెంబరు నెలల్లో 20 యూరోలు, ఏప్రిల్, మే, అక్టోబరుల్లో 12. అక్టోబరులో వానలు పడొచ్చు, నాకు నేపుల్స్‌లో ఒక పూట పోయింది. అయినా సముద్రం వెచ్చగానే ఉంటుంది, ఏవీ మూసెయ్యరు. మన తెలుగు రాష్ట్రాల బడి పిల్లలున్నవాళ్ళకి ఇంకా మంచి అవకాశం: మన సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి, అక్కడి రద్దీ అప్పుడే ముదురుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకే ఈ వీలు లేదు పాపం.

ఇదంతా చదివి బాబాయి ఒక్క దండం బొమ్మ పెట్టారు. రెండ్రోజుల తర్వాత ఫోన్ చేశారు. టికెట్లు అక్టోబరుకి తీసుకున్నారట. లివోర్నో సోమవారమే పడిందట, ఉఫీజీ మూత.

"పోనీలే. లూకా అని ఏదో ఊరుందటగా, గోడ మీద చెట్ల నీడన నాలుగు కిలోమీటర్లు చదునుగా ఉంటుందని మీ పిన్ని కనిపెట్టింది. పీసాలో రైలు మారాలట. అది నీ జవాబులో రాయలేదేంరా?"