ఆక్టేవియా వీఆర్‌ఎస్‌కి ఫ్రీ సాఫ్ట్‌వేరా, డబ్బులిచ్చి రీమ్యాపా?

ముందు సంగతేంటో చెప్తాను. 2004 ప్రాంతంలో మన దగ్గరికి వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్‌లో 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది, పవర్ 150 హెచ్‌పీ, దాన్ని నడిపేది బాష్ ఎంఈ7.5 ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్. ఆ ఈసీయూలో మ్యాపులు (పెట్రోల్ ఎంత, స్పార్క్ ఎప్పుడు అని చెప్పే అంకెల పట్టికలు) మారిస్తే కారు ఇంకా బాగా లాగుతుంది, దీన్నే రీమ్యాప్ అంటారు. మార్చే పని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా చేసుకోవాలా, లైసెన్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న ట్యూనర్‌కి డబ్బులివ్వాలా అన్నదే గొడవ. కింద వాదించుకునే ఇద్దరూ కల్పిత మనుషులే. కిరణ్ హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి, కారు అతనిది. రమేశ్‌ది ట్యూనింగ్ గ్యారేజీ, కాబట్టి అతను ఏం చెప్పినా అందులో కాస్త వ్యాపారం కూడా ఉంటుంది, అది కలుపుకునే చదవండి.

కిరణ్: అన్నా, రీమ్యాప్‌కి అంత డబ్బు నేను పెట్టలేను, పెట్టాల్సిన అవసరం కూడా కనిపించట్లేదు. ఈ ఎంఈ7ని జనం ఏళ్ల తరబడి కెలికి మొత్తం విప్పి పెట్టేశారు. ఈసీయూ చదవడానికి, రాయడానికి నెఫ్‌మోటో, మ్యాపులు మార్చడానికి ట్యూనర్‌ప్రో, కారు నడుస్తుండగా రీడింగులు రికార్డు చేసే లాగ్‌కి ఎంఈ7లాగర్, ఫైల్ సరిగ్గా ఉందో లేదో ఈసీయూ సరిచూసుకునే లెక్క, ఆ చెక్‌సమ్‌కి ఎంఈ7సమ్. అన్నీ ఫ్రీ. కేబుల్ ఒక్కటే కొనాలి.

రమేశ్: ఒక్క పనికి నాలుగు సాఫ్ట్‌వేర్లు చెప్పావు చూడు, అక్కడే ఉంది తిరకాసు. నేను డబ్బు పెట్టి కొన్న విన్‌ఓఎల్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే మ్యాపుల్లా కనిపించే చోట్లన్నీ అదే వెతికి పెడుతుంది, చెక్‌సమ్ కూడా అదే సరిచేస్తుంది. ఆ చెక్‌సమ్ మాడ్యూల్‌కి మళ్లీ విడిగా డబ్బు కట్టించుకున్నారనుకో, అది వేరే ఏడుపు. నువ్వు చెక్‌సమ్ సరిచేయడం ఒక్కసారి మర్చిపోయి రాస్తే కారు స్టార్ట్ కాకుండా కూర్చోవచ్చు.

కిరణ్: మర్చిపోతే కదా! రాసే ముందు చెక్ చేసుకోవడం నా ఉద్యోగంలో రోజూ చేసేదే.

రమేశ్: సరే, డెఫినిషన్ ఫైల్ సంగతి? ట్యూనర్‌ప్రోకి ఏ మ్యాప్ ఏ అడ్రస్‌లో ఉందో చెప్పేది ఆ ఫైలే. అది నీ ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కే అచ్చంగా సరిపోవాలి. పక్క వెర్షన్‌ది పెట్టావంటే స్క్రీన్ మీద ఇగ్నిషన్ మ్యాప్ అని పేరు కనిపిస్తుంది, కింద ఉన్న అంకెలు మాత్రం ఇంకెక్కడివో. అవి మార్చి ఈసీయూలోకి ఫ్లాష్ చేస్తావు, తర్వాత నాకే ఫోన్ చేస్తావు.

కిరణ్: అంకెలు చూస్తే తెలిసిపోదా అన్నా? ఇగ్నిషన్ మ్యాప్‌కి ఒక రూపం ఉంటుంది, లోడ్, అంటే సిలిండర్‌లో నిండే గాలి, పెరిగేకొద్దీ టైమింగ్, అంటే స్పార్క్ ఎంత ముందుగా పడాలన్నది, తగ్గుతూ పోవాలి. పైగా ఎంఈ7 లోపల ఏం జరుగుతుందో చెప్పే బాష్ డాక్యుమెంట్, ఆ ఫంక్షన్స్‌రామెన్, జర్మన్‌లో ఉన్నా ముందేసుకుని కుస్తీ పడుతున్నాను. ఎల్‌డీఆర్‌ఎక్స్‌ఎన్ అనే మ్యాప్‌లో లోడ్ లిమిట్ ఒక్కటీ పెంచితే చాలదు, దాంతోపాటు టార్క్ మ్యాపులు కూడా మార్చకపోతే ఈసీయూకి అనుమానం వచ్చి థ్రాటిల్ మూసేస్తుందని అలాగే తెలుసుకున్నాను. విన్‌ఓఎల్‌ఎస్ కొన్నంత మాత్రాన ఇది తెలుస్తుందా? మ్యాప్ ఎక్కడుందో అది చూపిస్తుంది, అందులో ఎంత వేయాలో చెప్పదు కదా.

రమేశ్: చెప్పదు. ఎంత వేయాలో తెలిసినందుకే మాకు డబ్బులిచ్చేది.

కిరణ్: అయితే అడుగుతాను, నా కారుకి ఏం మార్చావో ఫైల్ తెరిచి చూపిస్తావా?

రమేశ్: చూపించను.

కిరణ్: చూశావా! డబ్బు నాది, కారు నాది, ఇంజిన్ పోతే పోయేది నాది, కానీ లోపల ఏముందో మాత్రం నాకు తెలియకూడదు. ఇంకోటి కూడా అడగనా? ఊళ్లో రీమ్యాప్ బోర్డు పెట్టిన గ్యారేజీల్లో స్లేవ్ టూల్ వాడేవాళ్లు లేరా? కారు నుంచి ఫైల్ చదవడం, అది ఎక్కడో ఉన్న మాస్టర్‌కి మెయిల్ చేయడం, అతను పంపింది తిరిగి రాయడం. ఆ మాస్టర్ నా కారుని కళ్లతో చూడడు. హైదరాబాద్ మే నెల ఎండ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అందరికీ అదే స్టేజ్ 1 ఫైల్, అంటే పార్టులేవీ మార్చని కారుకి వేసే మొదటి మెట్టు ఫైల్. దానికీ నేను డౌన్‌లోడ్ చేసుకునేదానికీ తేడా బిల్లు ఒక్కటే.

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. రమేశ్ కాసేపు రెంచ్ తుడుస్తూ కూర్చున్నాడు.)

రమేశ్: అలాంటివాళ్లు ఉన్నారు, లేరనను. కానీ నువ్వు డౌన్‌లోడ్ చేసే ఫైల్ ఎవడు చేశాడు? జర్మనీలో 98 ఆక్టేన్ పోయించుకునేవాడు చేసి ఉంటాడు. మన బంకులో మామూలు పెట్రోల్ ఈ మధ్యదాకా 91 అనే కదా లెక్క. అతని టైమింగ్ నువ్వు పెట్టుకుంటే నాక్, అంటే పెట్రోల్ తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకలాడడం, రాదా?

కిరణ్: ఇప్పుడంతా ఇరవై శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే కదా, ఎథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. అది కలిశాక నాక్ తగ్గాలి.

రమేశ్: ఆ మాట సగమే. ఎథనాల్ కలిస్తే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఉత్త పెట్రోల్‌కి ఒక కిలోకి 14.7 కిలోల గాలి, ఈ20కి సుమారు 13.5. నెమ్మదిగా పోతున్నప్పుడు ఈసీయూ ఫ్యూయల్ ట్రిమ్‌తో, అంటే ఇంధనం తనే కాస్త పెంచుతూ తగ్గిస్తూ, సర్దుకుంటుంది. నువ్వు బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచి ఓఆర్‌ఆర్ మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, ఇరవై ఏళ్ల ఇంజెక్టర్లు, ఇరవై ఏళ్ల పంపు అంత పెట్రోల్ ఇవ్వకపోతే మిక్స్చర్ లీన్ అయి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేక, పిస్టన్ కరుగుతుంది. గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టావా?

కిరణ్: ఇంకా లేదు. కొంటాను. సాఫ్ట్‌వేర్‌కి మిగిలిన డబ్బు అందుకే.

రమేశ్: అది ముందు చెప్పాల్సింది. ఫ్రీ అనేవాళ్లలో చాలామంది మీటర్ దగ్గరకొచ్చేసరికి కూడా ఫ్రీయే వెతుకుతారు. ఇంతకీ కేబుల్ ఏది? చైనా క్లోన్ టూల్, దాంతోపాటు క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ కాదు కదా?

కిరణ్: ఛ, కాదు. ఫ్రీ వేరు, దొంగసొత్తు వేరు. నెఫ్‌మోటో చేసినవాళ్లు వాడుకోమని ఇచ్చారు, అది వాడతాను.

రమేశ్: మంచిది. ఆ క్లోన్ టూల్స్ సగం రాశాక ఆగిపోతే ఈసీయూ చచ్చి నా టేబుల్ మీదకొస్తుంది. పెట్టె విప్పి, చిప్ 24వ కాలు గ్రౌండ్‌కి తాకించి బూట్ మోడ్‌లో లేపాలి. ఆ పనికి తీసుకునే డబ్బులకి నాకే సిగ్గేస్తుంది, అయినా తీసుకుంటాను. నువ్వు ఏ టూల్ వాడినా సరే, బ్యాటరీకి చార్జర్ పెట్టకుండా ఫ్లాష్ మొదలుపెట్టకు. ఇన్సూరెన్స్ వాళ్ల సంగతి కూడా ఆలోచించు, పవర్ పెంచిన విషయం చెప్పకుండా ఉంచితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

కిరణ్: ఆ పేచీ నీ దగ్గర చేయించుకున్నా తప్పదు కదా?

రమేశ్: తప్పదు. అందులో మనిద్దరం ఒకటే.

కిరణ్: మరి ఇప్పుడేమంటావు, వద్దంటావా?

రమేశ్: బూస్ట్ జోలికి పోకుండా ముందు స్టాక్ మ్యాప్‌తో లాగ్ తియ్. ఈసీయూ ఇచ్చే డయాగ్నస్టిక్ రీడింగుల్లో బ్లాక్ 020లో నాలుగు సిలిండర్లకీ టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో చూడు, 115లో అడిగిన బూస్ట్ ఎంత, వచ్చే బూస్ట్ ఎంత చూడు. ఉన్న మ్యాప్‌కే నాక్ వస్తుంటే నీ ఫ్రీ ఫైలూ వద్దు, నా పెయిడ్ ఫైలూ వద్దు. ముందు కాయిల్స్, ప్లగ్స్, వాక్యూమ్ పైపులు మార్పించు.

కిరణ్: లాగ్ బాగుంటే?

రమేశ్: ఫైల్ నువ్వే చేసుకుని పట్టుకురా. పవర్ కొలిచే మెషీన్, ఆ డైనో గంటలకి మాత్రం డబ్బులు తీసుకుంటాను, ఫైల్‌కి తీసుకోను.

కిరణ్: నా ఫైల్ తెరిచి చూస్తావన్నమాట. నీది మాత్రం చూపించవు!

రమేశ్: చూడకుండా నా డైనో ఎక్కనివ్వను. శనివారం పొద్దున్నే రా, ఎండెక్కితే ఇంటేక్ గాలి వేడెక్కి అంకెలు పడిపోతాయి.