నాన్న పేరున అప్పు, కట్టాల్సింది బిడ్డే

నర్సంపేట నుంచో పరకాల నుంచో బిడ్డను బీటెక్‌కు పంపిన రైతు ఇంట్లో అప్పు ఎన్ని చోట్ల ఉంటుందో ఒక్కసారి లెక్కపెట్టండి. బ్యాంకు లోను ఒక్కటే కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి పోసే అడ్తిదారు, అంటే కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చింది కొంత, అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది కొంత, హాస్టల్ ఫీజు కోసం కుదవపెట్టిన పుస్తెలతాడు, నష్టానికి పాడుకున్న చిట్టీ. ఇందులో బిడ్డకు తెలిసేది బ్యాంకు లోను మాత్రమే, ఎందుకంటే తను సంతకం పెట్టింది దాని మీదే.

కొలువొచ్చాక ఇదంతా ఎవరు కట్టాలి? మేము సూటిగా చెప్తున్నాం, బిడ్డే కట్టాలి. బ్యాంకు లోనుతో పాటు అమ్మ పుస్తెలతాడు కూడా విడిపించాలి.

చదివించడం తల్లిదండ్రుల బాధ్యత కదా అంటారు. నిజమే, అప్పు పుట్టించి, నాలుగేళ్లు వడ్డీలు మోసి వాళ్లు ఆ బాధ్యత తీర్చేశారు. ఇక ఆ చదువు మీద వచ్చే జీతం ముప్పై ఏళ్లు బిడ్డది, నాన్నకు మిగిలేది అరిగిపోయిన మోకాళ్లు, రెండెకరాల చెలక. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతని 2007లో వచ్చిన చట్టమే చెప్తోంది, అలాంటప్పుడు వాళ్ల నెత్తిన ఉన్న చదువు అప్పు ఎట్లా వదిలేస్తాం?

ముందు వడ్డీ సంగతి చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. వడ్డీ కట్టకుండా వదిలేస్తే నాలుగేళ్ల బీటెక్ అయ్యేసరికి వడ్డీయే 2,88,000, అంటే అప్పు దాదాపు రెట్టింపు. అదే మూడు లక్షలు బ్యాంకులో పది శాతానికి తెస్తే ఏడాదికి ముప్పై వేలు. కాబట్టి జీతం పడగానే మొదట తీర్చాల్సింది బయటి అప్పు. చాలామంది పిల్లలు దీన్ని తలకిందులు చేస్తున్నారు, బ్యాంకు ఫోన్ చేస్తుందన్న టెన్షన్‌తో ఈఎంఐ కడతారు, అడ్తిదారు నాన్నకు ఫోన్ చేస్తాడు కాబట్టి అది తమదాకా రాదు.

అమెరికాలో పేరెంట్ ప్లస్ అని తల్లిదండ్రులు ప్రభుత్వం దగ్గర తీసుకునే చదువు అప్పు ఉంది. చట్టం ప్రకారం అది పూర్తిగా వాళ్లదే, పిల్లల పేరుకు మార్చడం కుదరదు, నేను కడతానని బిడ్డ ఇంట్లో ఇచ్చే మాటే ఆధారం. మన బ్యాంకు లోనులో సాధారణంగా ఇద్దరి పేర్లూ ఉంటాయి, వాయిదా తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. అడ్తిదారు దగ్గరి నోటు మాత్రం అచ్చం ఆ అమెరికా అప్పులాంటిదే. పేరు నాన్నదే, వేలిముద్ర కూడా నాన్నదే.

అయితే తల్లిదండ్రుల తప్పూ ఉంది. "నీకెందుకు బిడ్డా, నువ్వు మంచిగ సదువుకో" అని అప్పు దాస్తారు. అది ప్రేమే, కాదనం. కానీ తెలియని అప్పును ఎవరైనా ఎట్లా తీరుస్తారు? ఎప్‌సెట్‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ప్రైవేటు కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మామూలుగా ఏడాదికి 35 వేల దగ్గరే ఆగుతుంది, మిగతాది ఇంటి మీదే. అది కూడా సమయానికి రాక, బకాయి తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీలు పట్టుబడితే మళ్లీ అప్పే. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందే ఈ లెక్క బిడ్డ ముందు పెట్టాలి. కాకతీయ యూనివర్సిటీలో చదువుతానన్న పిల్లను పరువు కోసం మేనేజ్‌మెంట్ సీటులో కూర్చోబెట్టిన తండ్రి ఆ డొనేషన్ అప్పు తనే మోయాలి, దాన్ని ఆ పిల్ల మీద వేయడం న్యాయం కాదు. కొలువు దొరకని పిల్లల్ని కూడా అప్పు పేరుతో పొడవద్దు. ఎడ్యుకేషన్ లోనుకు కోర్సయ్యాక మామూలుగా బ్యాంకే ఏడాది ఆగుతుంది, ఇల్లు ఆ మాత్రం ఆగలేదా?

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. కట్నానికి ఇంకో అప్పు చేసి పెండ్లి చేస్తారు, తర్వాత ఆమె జీతం మెట్టినింటిది అంటారు, చదువు అప్పు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోతుంది. పెండ్లి మాటలు నడిచేటప్పుడే అబ్బాయి వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి, ఈ అప్పు తీరేదాకా మా బిడ్డ జీతంలోంచి నెలకింత ఇక్కడికి వస్తుందని. దానికి సరే అంటేనే ముహూర్తం పెట్టుకోవాలి.