మీటరున్నర అంచు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ దగ్గర ఓ పావుగంట నిలబడితే ఈ నగరం గురించి కొత్త సంగతి ఒకటి తెలుస్తుంది. చీకట్లోంచి ఒక్కో సైకిలూ వచ్చి ఆగుతుంది. వెనుక మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు, జెర్సీ జేబులో రెండు అరటిపళ్లు, ఓ పల్లీపట్టీ. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, ఐటీ కుర్రాళ్లు, రిటైరైన టీచర్లు. అందరూ వచ్చారా అని ఒకరు తలలు లెక్కపెడతారు. ఆపైన వరసగా చేవెళ్ల దారి పడతారు. ఎండ ముదిరేలోగా అనంతగిరి ఎక్కి, వికారాబాద్‌లో టిఫిన్ చేసి, తిరిగి ఇల్లు చేరాలి. ఇల్లు నగరంలో ఏ మూలనుందో దాన్నిబట్టి రానూపోనూ 130 నుంచి 160 కిలోమీటర్లు.

వీళ్లు క్షేమంగా ఇల్లు చేరడం చాలావరకు తారు రోడ్డు అంచున ఉండాల్సిన మీటరున్నర జాగా మీద ఆధారపడి ఉంది. చాలాచోట్ల ఆ జాగా లేదు. ఉన్నచోట పనికొచ్చేలా లేదు.

ముందు ఆ దారుల గురించి చెప్పాలి. హైదరాబాద్ రాతి గుట్టల మధ్య వెలసిన ఊరు. ఏ దిక్కుకు పోయినా గంటన్నర తొక్కేసరికి అపార్టుమెంట్లు వెనకబడి బండరాళ్లు, చెరువులు, పత్తి చేలు మొదలవుతాయి. దారి పల్లంలోకి దిగి, మళ్లీ ఎత్తుకు లేస్తుంది. కారులో కూర్చున్నవారికి ఈ ఎత్తుపల్లాలు తెలియనే తెలియవు. పెడల్ తొక్కే కాళ్లకు ప్రతి గజమూ తెలుస్తుంది. గండిపేట మీదుగా పడమటికి వెళ్లేవారు మూసీకి ఎదురుగా, అది వచ్చిన దారినే పోతున్నట్టు లెక్క. 1908 వరద ఊరిని ముంచెత్తిన తర్వాత కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్ ఆ నది మీదిదే. ఆ నది పుట్టిల్లు అనంతగిరి. వికారాబాద్ దాటాక అడవి, మలుపులు, ఎగశ్వాస, అనంత పద్మనాభస్వామి గుడి. అక్కడ చెట్టుకు సైకిలు ఆనించి, నీళ్లు తాగుతూ ఇది మూసీ పుట్టిన కొండ అని విన్న మనిషి, మర్నాడు ఆఫీసుకు పోతూ చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకున్నప్పుడు కాస్త బాధపడతాడు. ఆ బాధ ఈ నగరానికి అవసరం.

తూర్పున అందం వేరు. వరంగల్ హైవే మీద బీబీనగర్ దాటాక ఆకాశానికి ఆనుకుని ఏకశిల ఒకటి లేస్తుంది. ఆ బండ మీదే భువనగిరి కోట. త్రిభువనమల్లుడనే బిరుదున్న పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కట్టించిన కోట అది. కారులో పోయేవారికి రెండు నిమిషాల్లో పక్కకు జరిగిపోయే ఆ కొండ, సైకిల్ మీద వెళ్లేవారికి చాలాసేపు కళ్లెదుటే పెరుగుతూ వస్తుంది. హైవే దిగి పోచంపల్లికి తిరిగితే అది 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడగ్గానే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. భూదానోద్యమం పుట్టిన ఊరు. అక్కడి ఇళ్లలో ఆడే మగ్గాల చప్పుడు వినాలంటే మన వాహనం చప్పుడు ఆగాలి. సైకిలుకు ఆ ఇబ్బందే లేదు. ఇంకొంత దూరం తొక్కితే రేచర్ల పద్మనాయకుల రాజధాని రాచకొండ. సున్నం లేకుండా బండ మీద బండ పేర్చిన గోడలు, వానాకాలం చివర్లో దారి పక్క గంపల్లో సీతాఫలాలు. ఉత్తరాన నర్సాపూర్ అడవి, ఆ పైన 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన మెదక్ చర్చి.

సైకిల్ మీద వచ్చినవాడు ఊరు దాటేలోగా రెండుసార్లన్నా ఆగుతాడు. ఒకచోట చాయ్, ఒకచోట ఇడ్లీ, ఒకచోట గాలి. కారు టూరిస్టు పార్కింగ్ నుంచి కోట మెట్ల దాకా నడిచి, ఫొటో దిగి, హైవే మీది పెద్ద హోటల్‌కు పోతాడు. ఊళ్లో నాలుగు రూపాయలు మిగిల్చేది ఎవరో పర్యాటక శాఖ ఆలోచించాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా. పైకప్పుగా 16 మెగావాట్ల సోలార్ పలకలు, కింద నీడ. కొత్తగా నేర్చుకునేవారికి, పిల్లలకు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఓ గంట తొక్కేవారికి అది వరమే. అయితే ట్రాక్ ముగిసిన చోటే పల్లె దారులు మొదలవుతాయి. అక్కడి నుంచి సైకిలిస్టు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోవాల్సిందే.

ఆ అంచును దగ్గరగా చూడండి. రోడ్డు పాడైన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త పొర వేస్తారు. రెండు, మూడు పొరలు పడేసరికి తారు జానెడు ఎత్తుకు లేస్తుంది, పక్కన మట్టి అంచు ఉన్నచోటే ఉంటుంది. వానకు ఆ మట్టి కోసుకుపోతే అక్కడ చిన్న గట్టు తయారవుతుంది. వెనకనుంచి లారీ హారన్ కొడుతుంది. సైకిలిస్టు భయపడి ఎడమకు జరుగుతాడు. 28 మిల్లీమీటర్ల టైరు ఆ గట్టు మీంచి కిందికి జారుతుంది. మళ్లీ పైకెక్కించబోతే చక్రం తారు అంచుకు రాసుకుని మెలితిరుగుతుంది. మనిషి పడేది కుడివైపుకే, అంటే లారీ వైపుకే. పగలే ఇంత టెన్షన్ అయితే, బ్రెవే తొక్కేవారి సంగతి చెప్పక్కర్లేదు. ఆ సుదూర రైడ్లలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించాలి. రాత్రి తొక్కక తప్పదు, చీకట్లో ఆ గట్టు కనబడదు.

జాతీయ రహదారుల్లో రెండు వరుసల రోడ్డుకు ఇరువైపులా మీటరున్నర తారు అంచు వేసే పద్ధతి ఇప్పటికే ఉంది. ఇంజనీర్లు దాన్ని పేవ్డ్ షోల్డర్ అంటారు. రాష్ట్ర రహదారులకు, జిల్లా రోడ్లకు ఆ భాగ్యం అరుదు. వేసినచోట కూడా కంకర, గాజుపెంకులు, ఆగిన ట్రాలీలతో నిండి ఉంటుంది. ఊడ్చేవారుండరు.

లక్ష రూపాయల సైకిళ్లకు ప్రత్యేక సౌకర్యాలెందుకని కొందరడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు అదే రోడ్డు మీద ఉంది. పాలక్యాన్లు కట్టుకుని కేంద్రానికి వెళ్లే రైతు, క్యారేజీ తగిలించుకుని ఇటుక బట్టీకి పోయే కూలీ, హైస్కూలుకు పోయే ఆడపిల్ల కూడా తొక్కేది ఆ అంచునే. వాళ్లకు హెల్మెట్ లేదు, లైటు లేదు, ఫొటోలు తీసేవారు లేరు. నగరం నుంచి వచ్చిన సైకిలిస్టు ఆదివారం ఒక్కపూట పడే భయాన్ని వాళ్లు వారమంతా పడుతున్నారు. మీటరున్నర అంచు వేస్తే అందులో మొదటి హక్కు వాళ్లదే.

స్పీడ్ బ్రేకర్ల సంగతి మరొకటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అవి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఊళ్లలో మిగిలిన సిమెంటుతో పోసేవి అడుగు వెడల్పున గోడల్లా ఉంటాయి, తెల్ల గీత ఉండదు. దిగుడులో వచ్చే సైకిలుకు అది గొయ్యితో సమానం. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు ఇంకో ప్రమాదం. ఇందులో రైతును తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. ఆరబెట్టుకోను కల్లం లేకపోతే ఆయన మాత్రం ఎక్కడ పోస్తాడు? ఉపాధి హామీ నిధులతో కట్టిన కల్లాల మీద 2022లో కేంద్రం, రాష్ట్రం పంతాలకు పోయాయి. ప్రతి ఊరికీ సరిపడా కల్లాలుంటే వడ్లకూ మంచిది, రోడ్డుకూ మంచిది.

చేవెళ్ల దారి గురించి మనసు విప్పి మాట్లాడాలి. కంకర టిప్పర్లు, కూరగాయల బండ్లు, నిద్రమత్తులో తెల్లవారి తిరిగొచ్చే కార్లు, సైకిళ్లు అన్నీ ఆ ఇరుకు రోడ్డు మీదికి ఒకే వేళకు వస్తాయి. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు పదిహేను మందికి పైగా చనిపోయారు. రోడ్డు వెడల్పు కావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. అలాగని ఆ దారికి గొడుగు పట్టిన వందలాది మర్రిచెట్లను బలిపెట్టక్కర్లేదు. వాటి కోసం పౌరులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడారు. చెట్ల వరసకు ఒకవైపు బండ్లు, రెండోవైపు సైకిళ్లు, పాదచారులు పోయేలా గీయగలిగిన చోటల్లా అలాగే గీయాలి. ఊడలు దిగిన మర్రి కన్నా బలమైన డివైడర్ ఏ కాంట్రాక్టరూ కట్టలేడు. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను అదుపు చేసిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ పొలాల్లో భవనాలు లేచేకొద్దీ టిప్పర్లు పెరుగుతాయే గానీ తగ్గవు.

రీజినల్ రింగ్ రోడ్డు కూడా వస్తోంది. మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగే ఆ రోడ్డు పల్లె దారులను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ప్రతి ఊరి దారికీ నీళ్లు నిలవని, లైట్లున్న అండర్‌పాస్ ఇవ్వకపోతే సైకిలు కిలోమీటర్ల కొద్దీ చుట్టూ తిరగాలి.

గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల పరిహారమిచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెవెన్యూ డివిజన్ స్థాయి అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. పాలు పోసే రైతు కుటుంబానికి ఆ సంగతి చెప్పేవారెవరు? ప్రతి పోలీస్ స్టేషన్ గోడ మీదా తెలుగులో రాసి పెట్టాలి.

కొత్త అంచులకు టెండర్లు, నిధులు, సమయం పడతాయని మాకు తెలుసు. జారిపోయిన అంచులను సరిచేయడానికి అంత పెద్ద పని లేదు. వానలు వెనకబట్టగానే వికారాబాద్, భువనగిరి, మెదక్ దారుల్లో తారు మట్టానికి సమంగా మొరం పోయించి రోలర్ నడిపించండి. చలికాలం రైడ్లు మొదలయ్యేది అప్పుడే, వరికోతల కూలీలు చీకటితోనే సైకిళ్లెక్కేదీ అప్పుడే.