చంటిబిడ్డ ముక్కులో అత్తరు వేయమన్న సందేశానికి జవాబు

గడచిన నెల రోజులలో ఒకే సందేశం నా ఫోనుకు ఐదుసార్లు వచ్చింది. బరంపురంలో మా వీధివారి వాట్సాప్ బృందంలో ఒకసారి, విశాఖపట్నంలో ఉన్న మా ఆడపడుచు నుంచి ఒకసారి, నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పి విరమించిన స్నేహితురాళ్ల నుంచి రెండుసార్లు. పంపినవారందరూ చదువుకున్నవారే, నా మేలు కోరేవారే కనుక ఏమీ అనకుండా ఊరుకున్నాను. ఐదోసారి అది పర్లాకిమిడి నుంచి, మా అక్క కూతురి దగ్గర నుంచి వచ్చింది. "పిన్నీ, బాబుకి మూడో నెల కదా, రెండు రోజులుగా రొంప. ఇందులో రాసినట్టు ముక్కులో ఒక చుక్క మొగలి అత్తరు వేయనా?" అని అడిగింది. ఇంక ఊరుకుంటే తప్పు నాది అవుతుంది.

సందేశం చెప్పేది ఇది. బజారు సెంట్లన్నీ పెట్రోలియం నుంచి తీసిన రసాయనాలు, వాటివల్ల క్యాన్సరు వస్తుంది, వాటిలోని ఆల్కహాలు చర్మం గుండా రక్తంలో కలుస్తుంది. పూల అత్తరులో రసాయనమే ఉండదు, అది పడనివారంటూ ఎవరూ లేరు, చంటిబిడ్డకు బొడ్డులోను ముక్కులోను ఒక్కొక్క చుక్క వేస్తే జలుబు, కడుపునొప్పి దరిచేరవు. మన పూర్వులు పూల అత్తరు తప్ప మరొకటి ఎరుగరు. కంపెనీ సెంట్లు వచ్చి మన పూలరైతు నోట మట్టి కొట్టాయి. కాబట్టి నూరు శాతం సహజమైన గంజాం మొగలి అత్తరు కొనండి, పది మిల్లీలీటర్ల సీసా 150 రూపాయలే. పైన మొగలిపువ్వు బొమ్మ, కింద ఒక ఫోను నంబరు, పదిమందికి పంపమన్న విన్నపం.

ఆల్కహాలు సంగతి మొదట తేల్చేస్తాను. సెంటు చల్లుకున్న కొద్ది క్షణాలకే అందులోని ఆల్కహాలు చాలావరకు గాలిలో కలిసిపోతుంది, చర్మానికి చల్లగా తగిలేది అందుకే. మతనియమం వల్ల ఆల్కహాలు వద్దనుకుని అత్తరు వాడేవారి నిష్ఠను నేను గౌరవిస్తాను. దానిని ఆరోగ్యసూత్రంగా మార్చి ప్రచారం చేయవలసిన పని లేదు.

పూర్వుల సంగతీ అంతే. కస్తూరి, పునుగు పూలలో పుట్టేవి కావు. కస్తూరి కోసం మగ కస్తూరి మృగాన్ని చంపి దాని పొట్ట కింది సంచిని కోసేవారు. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ, అనుకోకుండా కస్తూరి వాసన వేసే పదార్థాన్ని తయారుచేశాడు. ఆ తరువాత వరుసగా వచ్చిన కృత్రిమ కస్తూరుల మూలంగానే సెంటు పరిశ్రమకు ఆ మృగంతో అవసరం చాలావరకు తీరింది. ఈ ఒక్క విషయంలో సహజమైనదానికన్నా కర్మాగారంలో చేసినదే నాకు మేలుగా కనిపిస్తుంది.

ఇక పూల అత్తరులో రసాయనం లేదన్న మాట. మొగలిపువ్వుకు ఆ వాసన ఎక్కడిది? దాని నూనెలో అన్నిటికన్నా పెద్ద భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం. తరువాత చెప్పుకోదగినది టెర్పినెన్-4-ఆల్. కర్మాగారంలో తయారైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌కూ, మా గంజాం జిల్లా ఛత్రపురం ఇసుకనేలల మీది పొదలో తయారైనదానికీ అణువులో తేడా లేదు, చర్మం ఆ రెండింటినీ వేరుచేసి చూడదు. పువ్వులో దానితోపాటు మరెన్నో పదార్థాలు కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి కనుక అసలు మొగలి వాసనకు ఉన్న లోతు ఒక్క ఈథరు సీసాకు రాదు. అసలు అత్తరు వాసన గొప్పదని ఎవరైనా అంటే వారితో నేనూ గొంతు కలుపుతాను. వాసన గొప్పదైతే ఒంటికి మంచిదన్న నిర్ణయం మాత్రం దానిలో నుంచి పుట్టదు.

పెట్రోలియం గురించి రాసినవారికి ఈ సీసాలోనే పెట్రోలియం ఉండే అవకాశం ఎంతో తెలియదా? మా వైపు అత్తరు తీసే భట్టీలలో మగ మొగలిపూలను డేగు అనే రాగి బానలో నీళ్లతో నింపి, మూతకు మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. పూర్వపు పద్ధతిలో ఆ భప్కాలో గంధపునూనె ఉండేది, పువ్వు వాసనను పట్టి నిలిపేది అదే. గంధపుచెట్టు కాండంలో సువాసన గల చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ కావాలి. ఆ చెట్టు ఇప్పటికే ముప్పున్న జాతుల జాబితాలో చేరింది, దాని నూనె కిలో ధర లక్ష దాటి చాలాకాలమైంది. అందుచేత చవక అత్తరులలో ఇప్పుడు గంధపునూనెకు బదులు లిక్విడ్ పారాఫిన్ వాడుతున్నారు. అది ముడిచమురు శుద్ధిలో వచ్చే పదార్థం. ఇంకొకటి: గొప్ప సహజ సెంట్లలో వాడే మల్లె సారాన్ని హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు, అదీ పెట్రోలియం నుంచి వచ్చేదే.

ధర లెక్క పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. కిలో లక్ష దాటిన గంధపునూనె పది మిల్లీలీటర్లు కొంటేనే సుమారు వెయ్యి రూపాయలు అవుతుంది, అందులోకి ఇంకా ఒక్క పువ్వు వాసన కూడా చేరలేదు. గులాబీ నూనె కిలో రావాలంటే మూడు, నాలుగు టన్నుల పూలు కావాలి. పువ్వు, కట్టెలు, కోతకూలి, సీసా, అమ్మినవాడి లాభం అన్నీ కలిసి 150 రూపాయలకు వచ్చాయంటే, ఆ సీసాలో ఉన్నది పారాఫిన్, దానిలో కర్మాగారపు ఈథరు అని అనుమానించక తప్పదు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మొగలిపువ్వు శివపూజకు దూరమైందని మన పెద్దలు కథ చెబుతారు. ఈనాడు ఆ పువ్వు పేరు పెట్టి అబద్ధం చెబుతున్నది మనుషులు.

ఆ సీసాలో నుంచే చంటిబిడ్డ ముక్కులో చుక్క వేయమంటున్నారు. మిగిలిన మాటలన్నీ ఎలా పోయినా ఈ ఒక్క వాక్యం కోసం నేను ఈ జవాబు రాస్తున్నాను.

పారాఫిన్‌కు ఘాటు లేదు, మంట లేదు. అదే దానిలోని ప్రమాదం. నీళ్లో, పాలో పొరబాటున శ్వాసనాళంలోకి పోతే బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది, దగ్గుతో అవి బయటకు వస్తాయి. పారాఫిన్ దగ్గు రప్పించకుండానే జారి ఊపిరితిత్తులకు చేరగలదు. అక్కడ దానిని అరిగించే శక్తి ఒంటికి లేదు, అది చేరినచోట వాపు పుట్టి నిలిచిపోతుంది. దీనిని వైద్యులు లిపాయిడ్ న్యుమోనియా అంటారు. పసివాళ్ల ముక్కులో నూనె వేసే అలవాటున్న మన దేశంలో పిల్లల వైద్యులకు ఇది ఎరిగిన జబ్బే. "మా అమ్మ మాకు కొబ్బరినూనె, నువ్వులనూనె వేసింది, మేము బతకలేదా?" అని అడిగేవారికి నా జవాబు ఒకటే: ఆ నూనెలు కూడా ముక్కులో వేయకూడదు, బతికినవారు మాత్రమే ఈ ప్రశ్న అడగగలుగుతారు.

సీసాలో పారాఫిన్ లేదని, నిజంగా మొక్కల నూనెలే ఉన్నాయని అనుకుందాము. అప్పుడు కూడా భయం తగ్గదు. మెంథాల్, కర్పూరం వంటి ఘాటైన పదార్థాలు పసిబిడ్డ ముక్కు దగ్గరకు చేరితే, ఒక్కోసారి బిడ్డ ఊపిరి తీయడమే ఆపేస్తుంది. కర్పూరం కడుపులోకి పోతే చిన్నపిల్లలకు నిమిషాలలోనే మూర్ఛలు రావచ్చు, ఒక గ్రాము కర్పూరంతో పిల్లలు చనిపోయినట్టు వైద్యగ్రంథాలలో ఉంది. నీలగిరి తైలం మింగిన పిల్లలకు కూడా మూర్ఛలు వస్తాయి. నొప్పుల మందులలో వాడే వింటర్‌గ్రీన్ తైలం ఒక చెంచాలో దాదాపు ఏడు గ్రాముల సాలిసిలేట్ ఉంటుంది, అంటే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. ఇవన్నీ చెట్లు ఇచ్చినవే, నూరు శాతం సహజమైనవే. వీటిని ఇంట్లో పిల్లలకు అందేచోట ఉంచడమే తప్పు, చేజేతులా ముక్కులో వేయమని ఊరంతటికీ చెప్పడం ఎలాంటి పని?

బొడ్డు సంగతికి వస్తే, అది ఊడిపోయేదాకా పొడిగా ఉంచమన్నదే వైద్యుల సలహా. ఊడిన తరువాత కూడా పసిబిడ్డ చర్మం పలుచన, బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ. పెద్దల చర్మం మీద ఏమీ చేయని మోతాదు బిడ్డకు ఎక్కువ కావచ్చు. కడుపునొప్పితో ఏడ్చే బిడ్డకు బొడ్డులో వేసిన సెంటు చేసేదేమీ లేదు.

మా అక్క కూతురికి చెప్పింది ఇదే. ముక్కులో అత్తరు గాని, నూనె గాని వేయవద్దు. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు డాక్టరును అడిగి వాడు, పాలు మాటిమాటికీ పట్టు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఒక నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డకు ఆ లెక్క 50 లేదా అంతకు మించితే, లేదా డొక్కలు లోపలికి పీల్చుకుపోతుంటే, పాలు తాగనంటే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. బాబు నాలుగు రోజులలో తేరుకున్నాడు. ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా వేసినవారు ఎందరో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

సహజమైనది ఎవరికైనా పడుతుందన్న మాటకు వస్తాను. గులాబీలో జెరానియాల్, లవంగంలో యూజినాల్, లావెండరులో లినలూల్, నారింజ తొక్కలో లిమోనిన్ ఉంటాయి. ఇవి నాలుగూ ఐరోపాలో 2003లోనే సెంటు అలర్జీ కారకాలుగా గుర్తించిన 26 పదార్థాలలోనివి. 2023లో ఆ జాబితాను ఎనభైకి పైగా పదార్థాలకు పెంచారు. లినలూల్, లిమోనిన్ గాలి తగిలి పాతబడినకొద్దీ అలర్జీని మరింత పెంచుతాయి, అంటే బీరువాలో ఏళ్ల తరబడి దాచిన సహజ తైలం కొత్తదానికన్నా క్షేమం కాదు. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ నూనెను ఒంటికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చ పడుతుంది. ఓక్ చెట్ల మీద పెరిగే నాచువంటిదాని నుంచి తీసే ఓక్‌మాస్ సారం ఎన్నో పేరున్న సెంట్లకు ప్రాణం. అందులో సహజంగా ఉండే ఆట్రనాల్, క్లోరో ఆట్రనాల్ అనే రెండు పదార్థాలను ఐరోపా 2017లో నిషేధించింది. పడనివారంటూ లేరని రాసినవారు ఒక్కసారి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లి కూర్చుని చూడాలి.

కంపెనీ సెంట్ల మీద వేసిన నిందలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. సెంటు రాసుకుంటే క్యాన్సరు వస్తుందన్న తీర్పుకు ఆధారం లేదు. అయితే మస్క్ ఆంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి ఎండలో చర్మాన్ని దెబ్బతీస్తుందని, జంతువులలో నరాలను పాడుచేస్తుందని తెలిసేటప్పటికే అది దశాబ్దాలపాటు సబ్బులలోను సెంట్లలోను వాడకంలో ఉంది. ఐరోపా దానిని 1995లో నిషేధించింది. కొన్ని కృత్రిమ కస్తూరులు త్వరగా విచ్ఛిన్నం కాక నదుల నీటిలోను, తల్లిపాలలోను కనిపించాయి. సీసా మీద పరిమళం అన్న ఒక్క మాట వేసి, దాని వెనుక పదుల కొద్దీ పదార్థాలను దాచే అలవాటు కంపెనీలదే. ఏమి పూసుకుంటున్నామో తెలియనివ్వని వ్యాపారం మీద జనానికి నమ్మకం పోయి, సహజమన్న మాట వైపు తిరగడంలో తప్పు పట్టలేను. కాని ఈ 150 రూపాయల సీసా మీద ఆ ఒక్క మాట కూడా లేదు.

పూలరైతు గురించి రాసిన వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. అది నిజం. మొగలిపువ్వుకు, దాని నుంచి తీసే అచ్చమైన నూనె అయిన మొగలి రూహ్‌కు గంజాం పేరుతో భౌగోళిక గుర్తింపు ఉంది. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి వైపు గట్ల మీద, కాలువల వెంట ఆ పొదలే కంచెలు. ఒడియావారు కియా అని పిలిచే ఆ పువ్వు కోసం కోతవాళ్లు చీకటితోనే లేచి, పొడవైన వెదురుకు కొడవలి కట్టుకుని, ఆకుల ముళ్లకు చేతులు చీరుకుంటూ కోసి, వాసన తగ్గకముందే భట్టీకి చేర్చాలి. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను పొదలను ఎక్కడికక్కడ పడగొట్టింది. అవి మళ్లీ లేచాయి. మొగలి వాసనను పెద్ద ఎత్తున కొనేది ఒంటికి పూసుకునేవారు కాదు, పాన్ మసాలా, జర్దా తయారీదారులు. కర్మాగారపు ఈథరు చవకగా దొరికితే వారికి పువ్వుతో పనేమిటి? ధర పడిపోయింది. పువ్వు బొమ్మ వేసి పారాఫిన్ అమ్మేవాడు కూడా ఆ ధరను పడగొట్టేవారిలో ఒకడు. రైతు పేరు చెప్పి కొనమంటున్న ఈ సందేశం రైతుకు ఒక్క రూపాయి చేర్చదు.

ఛత్రపురం అవతల మా మామగారి పొలం గట్టున ఇరవై, ముప్పై మొగలి పొదలు ఉన్నాయి. పోయిన వానాకాలం భట్టీవారు పువ్వుకు ఇస్తామన్న ధర కోతకూలికి సరిపోక, చివరి విడత పూలను కోయించలేదు. అవి పొదల మీదే వాడిపోయాయి.