యంగ్స్‌టౌన్‌ను ముంచింది ఒక్క సోమవారం కాదు

ఉక్కు ఊళ్ల పతనం గురించి ఎక్కడ మాటొచ్చినా అమెరికాలోని యంగ్స్‌టౌన్ పేరు వస్తుంది, దాంతోపాటు 1977 సెప్టెంబర్ 19 తేదీ కూడా. ఆ సోమవారం నాడు యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ క్యాంప్‌బెల్ వర్క్స్ అనే తన ఉక్కు మిల్లును మూసేస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 5,000 ఉద్యోగాలు పోయాయి. అక్కడివాళ్లు ఆ రోజును బ్లాక్ మండే అంటారు. విదేశాల నుంచి చౌక ఉక్కు వచ్చిపడింది, యూనియన్లు జీతాలు పెంచుకుంటూ పోయాయి, అందుకే మూతపడింది అని చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది సగం కథే.

ఒహాయో రాష్ట్రంలో మహోనింగ్ నది పొడవునా మిల్లులే ఉండేవి. అవి వదిలే వేడినీళ్లకు ఆ నది గడ్డకట్టే చలిలో కూడా పారుతూనే ఉండేది. ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి, అమెరికా దక్షిణాది నుంచి జనం పనికోసం వచ్చి స్థిరపడ్డారు. 1930 నాటికి జనాభా 1,70,000. ఇనుప ఖనిజాన్ని సరస్సుల మీద ఓడల్లో తెచ్చి మళ్లీ రైలెక్కించాల్సి రావడం ఈ ఊరికి మొదటి నుంచీ ఉన్న ఇబ్బందే, కాదనలేం.

అసలు దెబ్బ 1969లో పడింది. లైక్స్ అనే ఓడల వ్యాపార సంస్థ ఈ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీని అప్పులు చేసి మరీ కొన్నది. ఆ తర్వాత మిల్లుల్లో వచ్చిన డబ్బు అప్పులు తీర్చడానికి పోయిందే గానీ ఇక్కడి పాత కొలుముల్ని మార్చడానికి మిగల్లేదు. ఓపెన్ హార్త్ అనే పాత తరహా కొలిమిలో ఒక విడత ఉక్కు తయారవ్వాలంటే గంటల తరబడి పడుతుంది, కొత్త తరహా ఆక్సిజన్ కొలిమిలో గంట కూడా పట్టదు. ఇదే కంపెనీ మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఇండియానా హార్బర్‌లో ఆక్సిజన్ కొలుములు పెట్టింది, క్యాంప్‌బెల్‌ను మాత్రం పాతవాటితోనే ఈడ్చింది. ఇరవై ఏళ్లు వెనకబడ్డ యంత్రం ఇచ్చి, పోటీలో ఓడిపోయావని కార్మికుడిని అనడం ఏం న్యాయం?

ఊరివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చర్చిల పెద్దలు, కార్మికులు కలిసి మిల్లును తామే కొని నడుపుతామన్నారు, అందుకోసం మామూలు జనం స్థానిక బ్యాంకుల్లో ప్రత్యేక ఖాతాలు తెరిచి డబ్బు వేశారు. మిగతా అప్పుకు ఫెడరల్ ప్రభుత్వం హామీ ఇవ్వాలి. 1979లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం కుదరదంది. అదే ఏడాది నవంబర్‌లో యూఎస్ స్టీల్ అనే మరో ఉక్కు కంపెనీ కూడా యంగ్స్‌టౌన్‌లోని తన మిల్లుల్ని మూసేస్తున్నట్టు చెప్పింది. కార్మికులు కోర్టుకెక్కితే, ఇన్నేళ్ల అనుబంధం వల్ల ఊరికీ ఒక ఆస్తి హక్కు లాంటిది ఏర్పడి ఉండొచ్చని జడ్జి థామస్ లాంబ్రోస్ మొదట్లో అన్నారు. తీరా తీర్పు దగ్గరకొచ్చేసరికి అలాంటి హక్కు చట్టంలో లేదని తేల్చేశారు. 1982లో ఇదే యూఎస్ స్టీల్ సుమారు 600 కోట్ల డాలర్లు పెట్టి మారథాన్ ఆయిల్ అనే చమురు కంపెనీని కొనుక్కుంది, అంటే మిల్లులు మూసింది డబ్బు లేక కాదు.

2020 లెక్కల్లో యంగ్స్‌టౌన్ జనాభా 60,000. దేశమంతా ఇలాంటి మూసివేతలు వరసగా జరిగాక 1988లో ఒక చట్టం వచ్చింది, పెద్ద కంపెనీలు మూసే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలని. మంచిదే, కానీ ఆ ఊరివాళ్లు అడిగింది నోటీసు కాదు, తమ మిల్లును తామే కొనుక్కునే అవకాశం. ఆ చట్టంలో అది లేదు.