ముందు తడి సంగతి చూడండి, రంగులు తర్వాత

అద్దెకిచ్చే ఇల్లు కొన్నాక ముందు వంటగది, పెయింటింగ్ మార్చేస్తే అద్దె పెరుగుతుందని ఒక వ్యాసంలో చదివాను. పెరుగుతుంది, కాదనను. కానీ గోడలో చెమ్మ ఉండగా ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఒక్క వానాకాలం దాటేసరికి పొక్కులు లేచి ఊడిపోతుంది, నా విషయంలో అదే జరిగింది, డబ్బు రెండుసార్లు పోసాను. అందుకే ముందు పైకప్పు, పైపులు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ చూసుకోండి. టైల్స్ వేయకముందే బాత్రూమ్ నేలలో నీళ్ళు నింపి కనీసం 24 గంటలు వదిలేసి కింది స్లాబులో చెమ్మ దిగిందేమో చూడమనండి, మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. పైపులు, వైర్లు గోడలో పూడ్చేముందు కొలత టేపు వాటికి ఆనించి ఫొటోలు తీసుకుంటే రేపు డ్రిల్ చేసేటప్పుడు టెన్షన్ ఉండదు.

పాత వైరింగ్ అయితే ఎర్తింగ్ చెక్ చేయించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే, మామూలు ఎంసీబీ (లోడ్ ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోయే స్విచ్) ఆ పని చేయదు.

కాంట్రాక్టర్‌కి పని జరిగినకొద్దీ డబ్బివ్వండి, చివరి వాయిదా మాత్రం చిన్నా చితకా లోపాలన్నీ సరిచేశాకే. మిగిలిన టైల్స్ ఒక పెట్టె దాచుకోండి, తర్వాత అదే షేడ్ దొరకదు.

ఇంకోటి, ఏడాదిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దె ఆదాయంలో 8 శాతం పైనే పోతుంది. కాబట్టి మంచిగా ఉంటున్నవాళ్ళు కుళాయి కారుతోందని ఫోన్ చేస్తే ఆ వారంలోనే బాగుచేయించండి, అద్దె కొంచెం పెంచుదామని వాళ్ళను పోగొట్టుకుంటే లెక్క తిరగబడుతుంది.