భారం తగ్గేది ఎవరికి?

పనిలో దెబ్బతిన్న వారికి పరిహారం ఇప్పించే కార్మికుల పరిహార చట్టంలో తెస్తున్న మార్పులతో ఖర్చు తగ్గుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. ఎవరి ఖర్చు? వారం వారం ఇచ్చే భృతికి గడువు పెట్టి ఆపేసినంత మాత్రాన నడుం దెబ్బతిన్న మనిషికి నొప్పి ఆగదు కదా. ఆ బరువంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది.

1884లో జర్మనీ ప్రమాద బీమా చట్టం తెచ్చినప్పుడే ఈ పరిహారానికి మూలసూత్రం తేలింది. తప్పెవరిదని అడగకుండా పరిహారం ఇవ్వాలి, బదులుగా కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకోవాలి. ఇప్పుడు పరిహారానికి కోత పెడుతూ, దావా హక్కు మాత్రం తిరిగి ఇవ్వకపోతే అది అన్యాయం.

దొంగ దరఖాస్తులతో మోసాలుంటే పట్టుకోండి, తప్పు లేదు. కానీ సిలికోసిస్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు రాతి దుమ్ము పీల్చిన చాలా ఏళ్లకు బయటపడుతుంది. దరఖాస్తు గడువు దాటిందని అప్పుడు తిప్పి పంపితే ఆ కార్మికుడు ఎక్కడికి వెళ్లాలి?